తడిబట్ట కాఫీ

జనార్దనం మాస్టారికి స్కూల్లో పిల్లలు పెట్టుకున్న పేరు ఘర్షణ జనార్దనం. ప్లస్ టూ పిల్లలకు ఫిజిక్సు చెబుతాడు. ఏ పాఠం మొదలుపెట్టినా తిరిగి తిరిగి ఘర్షణ దగ్గరికే వచ్చి ఆగుతాడని ఆ పేరు. ఇంట్లో కూడా అదే పేరు ఖాయం చేయొచ్చని భార్య కుముదిని అభిప్రాయం. పెళ్ళయిన నాటి నుంచి ఆమెతో పెట్టుకున్న ఘర్షణల్లో ఆయన ఒక్కటి గెలిచిన దాఖలా లేదు.

మద్రాసు పేరు చెన్నైగా మారిన కొత్తలో, ఊరి పేరే మారినప్పుడు ఇంట్లో కాఫీ ఎందుకు మారకూడదని మాస్టారికి తోచింది. తోచడానికి కారకుడు డ్రిల్లు మాస్టరు మోసెస్. మోసెస్ వాళ్ళ అన్న ఓడల మీద పనిచేస్తాడు. ఏదో ఓడలో వంటవాడు వదిలించుకున్న ఇటలీ కాఫీ మిషనూ, దానికి తోడు గింజలు పొడిచేసే కరెంటు గ్రైండరూ అన్న చేతుల మీదుగా తమ్ముడికీ, తమ్ముడి చేతుల మీదుగా మన మాస్టారికీ దక్కాయి. ఇంత మంచి సరుకును ఇంతమంది ఎందుకు వదిలించుకున్నారని అడగాలన్న బుద్ధి మాత్రం ఆయనకు పుట్టలేదు.

మాధవరం పాలకాలనీలో వాళ్ళది అద్దె ఇల్లు. ఆటోలోంచి దిగిన సరుకును చూసి కుముదిని నడుం మీద చేయి వేసుకుంది.

"ఏందండీ ఇది? పంపుసెట్టా?"

"ఎస్ప్రెస్సో మిషన్. గింజలు అప్పటికప్పుడు ఆడించి, ఈ చిల్లుల గిన్నెలో పొడి నింపి, వేడినీళ్ళను ప్రెషరుతో తోస్తే అరనిమిషంలో డికాషన్. ఇది సైన్సు."

"మా అమ్మ ఇచ్చిన ఇత్తడి ఫిల్టర్లో రాత్రి పోసి పెడితే తెల్లారేసరికి దిగతాది. మనం నిద్రపోతా ఉంటాం, అది పని చేస్తా ఉంటాది. దీనికేమో మనం నిలబడాల. ఏది సైన్సు?"

మాస్టారు ప్లగ్గు కోసం వెతికాడు. జవాబు తెలియని ప్రశ్న వస్తే క్లాసులో కూడా ఆయన డస్టరు కోసం వెతుకుతాడు.

గ్రైండరు తిరిగింది. పొడి పడాల్సింది కింద ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో. పడింది మాత్రం డబ్బాకు బయట, మూతకు లోపల, స్విచ్చుబోర్డు మీద, మాస్టారి కళ్ళజోడు మీద. డబ్బాలో పడ్డ కాస్తా గోడలకు కరుచుకుని, ఎంత తట్టినా దిగనంటే దిగనంది. గోకి తీసి గిన్నెలో పోస్తే ఉండలు ఉండలుగా ఒక పక్కకే పోగుపడింది. వేడినీళ్ళకు కావాల్సింది అలాంటి సందే. పొడి పలచగా ఉన్న పక్క నుంచి బుస్సున దూకి, రెండో పక్క పొడిని తడపను కూడా తడపకుండా కప్పులోకి వచ్చేశాయి. రంగు చూస్తే కడుగునీళ్ళే నయం.

"సైన్సు బాగా పలచగా ఉండాదే," అంది కుముదిని.

పొడి సమంగా పరుచుకోవాలి, అదే కీలకం అని మాస్టారు కనిపెట్టాడు. కనిపెట్టాక మనిషిని పట్టడం ఎవరి వల్లా కాలేదు. పళ్ళపుల్లతో కెలికాడు. జామెట్రీ బాక్సులోంచి స్కేలు తీసి చదును చేశాడు. గిన్నెను బల్లకేసి కొట్టాడు. తాపీమేస్త్రీ దగ్గర రసమట్టం అరువు తెచ్చి గిన్నె మీద పెట్టి చూశాడు. పొడి మాత్రం చివరి బెంచీ పిల్లల మాదిరి ఒక మూలే చేరింది.

ఇంతలో కంచి నుంచి అత్తగారు వాసవాంబ ఫోన్ చేసింది. మార్గళి నెల, అంటే ధనుర్మాసం, అంతా కూతురి దగ్గరే ఉంటానంది.

ఇక్కడ మాస్టారి మనసులోని ముల్లు సంగతి చెప్పాలి. వాసవాంబ గారికి ఇద్దరు అల్లుళ్ళు. పెద్దాయన ఆదిమూలం, రాయపురంలో ఇనుప సామాన్ల కొట్టు. ఫ్యూజు పోతే వేస్తాడు, కుళాయి కారితే బిగిస్తాడు, అత్తగారి మిక్సీ మూలిగితే కంచికి పోయి మరీ బాగుచేసి వస్తాడు. "మా ఆదిమూలం ఐతేనా..." అనే మాట విన్నప్పుడల్లా జనార్దనం ఫ్యూజే పోయేది. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆ తల్లి నోట ఈ అల్లుడు చేసిన ఏ పనికీ 'బాగుంది' అన్న మాట రాలేదు. రాదగ్గ పని ఆయన చేసిందీ లేదనుకోండి. ఐనా ఆ మాట కోసం లోపల ఎక్కడో చిన్నపిల్లాడిలా కాచుకునే ఉన్నాడు.

"అత్తయ్యకు కాఫీ నేనే పెడతా," అని ప్రకటించాడు. "బాగుందని ఆవిడ నోట వస్తే నీ ఫిల్టరు అటక మీదికి. రాకపోతే మిషను మోసెస్‌కి వాపసు. మళ్ళీ వంటింటి గడప తొక్కను."

కుముదిని ఒక్క క్షణం ఆలోచించింది. ఆమె ఆలోచించిందంటే ఎవరికో మూడిందని మాస్టారికి ఈపాటికి తెలిసి ఉండాల్సింది.

"పెట్టండి. కానీ అమ్మకు మార్గళిలో మడి. పట్టుపంచె కట్టి చేయాల. తుడిచేదానికి ఆ మసిగుడ్డలు పనికిరావు, పట్టు ఉత్తరీయమే. అంత ఓపిక మీకు యాడుంది, సుమ్మా ఊరికే ఉండండి."

సుమ్మా ఉండమంటే ఉండే రకమా ఆయన! బీరువాలోంచి పెళ్ళినాటి పట్టుపంచె దిగింది. అత్తగారు వచ్చేలోపు చేయి తిరగాలని రోజూ అభ్యాసం పెట్టుకుని, ఆడించే ముందు ప్రతిసారీ ప్లాస్టిక్ డబ్బాను పట్టు ఉత్తరీయంతో భక్తిగా, గట్టిగా, మెరిసేదాకా రుద్దాడు.

అంతే, పొడికి పూనకం వచ్చింది. ముందు ఎగిరిన పొడి ఒక లెక్క కాదు. ఇప్పుడది డబ్బా అంచు దాటి ఆయన మీసాల్లోకి ఎక్కింది, పట్టుపంచె కుచ్చెళ్ళకు అంటుకుంది, దులపబోతే చేతికి పట్టింది. ఎంత ఎగిరితే అంత శుద్ధి చాలలేదనుకుని ఆయన మరింత రుద్దాడు. ఎంత రుద్దితే అంత ఎగిరింది. పక్కింటి అలివేలుమంగ పెరుగు తోడు కోసం వచ్చి, మాస్టారిని చూసి, "అయ్యయ్యో, ఏమైందండీ, బొగ్గుల బస్తా మీద పడిందా?" అని తోడు మాట మరిచి వెళ్ళిపోయింది.

అత్తగారు చెప్పినదానికంటే ఒక పూట ముందే దిగింది. తెల్లవారుజామున, గుళ్ళో మైకు అప్పుడే గొంతు సవరించుకుంటున్న వేళ, కంచి బస్సు దిగి ఆటోలో వచ్చేసింది. మాస్టారు తన ఒంటి వైపు చూసుకున్నాడు. పట్టుపంచె కాఫీ పొడిలో పొర్లించి తీసినట్టుంది.

"ఇప్పుడెట్టా కుముదా?"

"తడిబట్టను మించిన మడి ఉండాదా? బావి కాడికి పోయి రెండు బిందెలు గుమ్మరించుకుని, ఆ బట్టతోనే రాండి. స్విచ్చు మాత్రం ముట్టుకునేరు, మీకేమన్నా ఐతే అమ్మ నన్నే అంటాది. నేను వేస్తా."

మార్గళి చలిలో, పళ్ళు టకటక కొట్టుకుంటుండగా, నీళ్ళోడుతూ మాస్టారు వంటింట్లో నిలబడ్డాడు. గింజలు కొలిచి పోసుకున్న గిన్నె మీదికి వంగితే జుట్టులోంచి నాలుగు చుక్కలు గింజల మీద పడ్డాయి. తుడిచేందుకు పొడిగుడ్డ లేదు. ఏడుపొక్కటే తక్కువ. అలాగే కలిపి గ్రైండర్లో పోశాడు. కుముదిని స్విచ్చు వేసింది.

పొడి ఎగరలేదు. హెడ్మాస్టరు వచ్చిన క్లాసులా, కిక్కురుమనకుండా బుద్ధిగా డబ్బాలోకి దిగింది. ఉండ లేదు, అంటుకోవడం లేదు. గిన్నెలో పోసి ఒక్కసారి తడితే చాలు, అదే సమంగా సర్దుకుంది.

అప్పుడు వెలిగింది మాస్టారికి. ప్లాస్టిక్‌ను పట్టుతో రుద్దితే స్థిర విద్యుత్తు పుడుతుందనీ, చిన్న చిన్న ముక్కలు ఎగిరి అంటుకుంటాయనీ, తడి తగిలితే ఆ ఆట కట్టనీ ఏటేటా క్లాసులో చేసి చూపించి చప్పట్లు కొట్టించుకునే పెద్దమనిషి తానే. ఆ పాఠమే ఇంట్లో రోజూ పట్టు కట్టుకుని మరీ చేశాడు, చప్పట్లు కొట్టేవాళ్ళే లేరు. తన తెలివికి తానే సిగ్గుపడి తలొంచుకుంటే, కప్పులోకి డికాషన్ తేనెలా సన్నగా దిగుతోంది.

వాసవాంబ గారు గ్లాసు అందుకుంది. ఒక గుక్క తాగింది. తడిబట్టలో గజగజలాడుతున్న అల్లుడిని ఎగాదిగా చూసింది. ఇంకో గుక్క తాగింది. గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టింది.

"బాగుండాది అల్లుడుగారూ. బలే బాగుండాది."

మాస్టారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎలాగూ ఒళ్ళంతా నీళ్ళే కాబట్టి ఎవరూ గమనించలేదు. ఆ ఉదయం ఆయనంత సంతోషంగా ఉన్న మనిషి మాధవరంలో లేడు. అన్న మాట ప్రకారం ఇత్తడి ఫిల్టరు అటకెక్కింది. కుముదిని తానే స్టూలు వేసుకుని, చిరునవ్వుతో ఎక్కించింది. గెలిచిన ఉత్సాహంలో ఆ చిరునవ్వు ఎందుకో ఆయన ఆలోచించలేదు.

మర్నాటి నుంచి తెలిసివచ్చింది. మైకు లేవకముందే మాస్టారు లేవాలి. బావి దగ్గర బిందెలు, తడిబట్ట, కాఫీ. ఒకరికి ఆడించి దించేసరికి ఇంకొకరి గ్లాసు సిద్ధం. పాలు కాచడం ఆయనే, మిషను కడగడం ఆయనే. కుముదిని కుర్చీలో కాళ్ళు పైకి పెట్టుకుని పేపరు చదువుతూ కాఫీ అందుకునేది. వారం తిరిగేసరికి మాస్టారి ముక్కు కూడా డికాషన్ ఫిల్టరులా కారడం మొదలుపెట్టింది. గింజల మీద రెండు చుక్కలు చిలకరిస్తే చాలునని సైన్సు చెబుతోంది. తడిబట్టే కావాలని మడి చెబుతోంది.

ఒకరోజు స్కూలు నుంచి వస్తూ ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. వాసవాంబ గారు అరుగు మీద కూర్చుని, అలివేలుమంగ ఇంటి గ్లాసులో, అలివేలుమంగ పెట్టిన టీలో, వీధి చివర బేకరీ బన్ను ముంచుకుని తింటోంది.

"అత్తయ్యా! మరి మడి?"

"నాకు మడేంది అల్లుడుగారూ, మోకాళ్ళు పట్టుకున్న నాడే వదిలేస్తిని. మీరు కదా దీక్ష పట్టింది! కుముద చెప్పింది. మార్గళి అంతా తడిబట్టతో అత్తకు కాఫీ పెడతానని మొక్కుకున్నారంటనే! ఈ కాలంలో యాడుండారు ఇట్టాంటి అల్లుళ్ళు? మా కంచి వీధి వీధికంతా ఫోన్ చేసి చెప్పినా. ఆదిమూలానికి కూడా చెప్పినా, చూసి నేర్చుకోమని."

ఆదిమూలానికి! తనను చూసి నేర్చుకోమని! నోటి దాకా వచ్చిన నిజాన్ని మాస్టారు గుటుక్కున మింగేశాడు. లోపలికి వెళ్ళి పేపరు ముందు నిలబడ్డాడు. పేపరు వెనకాల కుముదిని ఉంది.

"దీక్షా? నాకా?"

"మీరు వంటింట్లోకి రాకుండా ఉండేదానికి మడి అంటిని. మీరు వచ్చేస్తిరి. వచ్చినాక పోనిచ్చేది ఎందుకని దీక్ష అంటిని," అంది ఆమె, పేజీ తిప్పుతూ. "వద్దంటే మానండి. ఆమె ఆడనే ఉండాది. మీరే పోయి చెప్పండి, దీక్షా లేదు గీక్షా లేదని."

మాస్టారు అరుగు వైపు చూశాడు. "మా జనార్దనం ఐతేనా..." అని అత్తగారు అలివేలుమంగతో మొదలుపెడుతోంది. ఆయన అక్కడే నిలబడి ఆ వాక్యం పూర్తయ్యేదాకా విన్నాడు. తర్వాత మెల్లగా వెనక్కి తిరిగి, గొంతు బాగా తగ్గించి అడిగాడు.

"కుముదా, రేపన్నా కాసిని వేణ్ణీళ్ళు కాచి పెట్టరాదా?"

"వేణ్ణీళ్ళు పోసుకుంటే దీక్ష యాడుంటాదండీ," అంది కుముదిని.