చైర్మన్ గారి మొక్క చిగురించేదాకా

ఎన్నో ఏళ్లుగా కరెంటు దీపాలు వెలుగుతున్న ఊటకోనకు మొట్టమొదటిసారిగా కరెంటు వెలుగు ప్రసాదించాలని కొండకోనల ప్రగతి మండలి ఏకగ్రీవంగా తీర్మానించింది. ఉన్న వెలుగును మళ్లీ ఎలా ప్రసాదిస్తారని కొందరు గిట్టనివాళ్లు అడిగారు. ప్రారంభోత్సవం జరగని వెలుగును వెలుగుగా గుర్తించే వీలు నిబంధనల్లో లేదని మండలి వారు ఓపిగ్గా వివరించారు. 

ఊటకోన అంటే తడకు పడమటి కొండల్లో ఉన్న చిన్న యానాది పల్లె. పల్లె వెనక బండ ఎక్కితే, తెల్లారకముందే శ్రీ సిటీకి కూలీలను మోసుకుపోయే కంపెనీ బస్సులు వరసగా కనబడతాయి. కంపెనీల కోసం వేసిన పెద్ద పెద్ద కరెంటు తీగలు కూడా ఆ బండ మీదుగానే వెళతాయి. పల్లెలోకి మాత్రం దిగవు. చాలాకాలం దిగుతాయని ఎదురుచూసి, ఇక ఇది అయ్యే పని కాదని పల్లెవాళ్లు కొండవాగుకే ఓ పైపు తగిలించారు. ఆ పైపులోంచి దూకే నీళ్లు మేకల దొడ్డి అంత రేకుల షెడ్డులో ఒక ఇనుప చక్రాన్ని తిప్పుతాయి. చక్రం తిరిగితే ఇంటికి రెండు బల్బులు వెలుగుతాయి, సెల్‌ఫోన్లు నిండుతాయి, అందరికీ కలిపి ఒక టీవీ మోగుతుంది.

చక్రం తిరగాలంటే వాగు పారాలి. వాగు పారాలంటే కొండ మీద ఊట దగ్గర తోపు పచ్చగా ఉండాలి. అంచేత పల్లె మొత్తం ఆ అడవిని కంటికి రెప్పలా కాచుకుంటుంది. ఈ సంగతి ఏ శిక్షణా తరగతికీ రాకుండా, ఏ కరపత్రమూ చదవకుండా వాళ్లంతట వాళ్లే తెలుసుకోవడం మండలి వారికి కొంత మనస్తాపం కలిగించిందనే చెప్పాలి.

కోనలో ఒక కట్టుబాటుంది. పచ్చని చెట్టు నరికినవాడి ఇంటి ఫ్యూజు పీకేస్తారు. వాడు ఒక మొక్క నాటాలి. అది కొత్త చిగురు వేసేదాకా ఆ ఇంట్లో చీకటే. బతిమాలడాలు, సిఫార్సులు, చుట్టరికాలు చెల్లవు. ఫ్యూజులన్నీ గంగులమ్మ అధీనంలో ఉంటాయి. ఆమె తీర్పు ఎంత ఖచ్చితమో ఆమె నోరు అంత గట్టిది. ఈ కట్టుబాటు మొదట పడింది ఆమె మొగుడు సుబ్బన్న మీదే. మేకల దొడ్డికి గుంజ కావాలని అతను పచ్చటి మానొకటి కొట్టుకొచ్చాడు. ఆ సాయంత్రమే గంగులమ్మ తన ఇంటి ఫ్యూజు తానే పీకింది. చీకట్లో సంగటి కెలుకుతూ, పల్లె మొత్తానికి వినబడేలా మొగుణ్ణి తిట్టింది. సుబ్బన్న తట్టుకోలేక మొక్కకు ఓ వేపాకును దారంతో కట్టి, చిగురొచ్చిందని చూపించాడు. ఇంకో మొక్క నాటించారు. చీకటి రెట్టింపయింది.

ఇలాంటి పల్లెను సన్మానించకపోతే దేశం ఏమైపోతుంది? మండలి చైర్మన్ పరంధామయ్య గారు తిరుపతిలో తమ ఏసీ గది కిటికీలోంచి రోజూ కొండను చూసి ముచ్చటపడే అడవి ప్రేమికులు. ఊటకోనకు 'వన సంరక్షక' పురస్కారం ఇవ్వాలని, అదే చేత్తో కరెంటు కూడా ప్రారంభించాలని వారే స్వయంగా నిర్ణయించారు. చైర్మన్ గారు రావాలంటే కారు రావాలి. కారు రావాలంటే రోడ్డు వెడల్పవ్వాలి. రోడ్డు వెడల్పవ్వాలంటే దారి పొడుగునా చెట్లు పోవాలి. పోయాయి. అడవిని కాపాడినందుకు ఇచ్చే పురస్కారానికి అడవి ఆమాత్రం త్యాగం చేయకపోతే ఎలా? కొట్టేసిన చోట బోసిగా కనబడకూడదని ప్లాస్టిక్ మొక్కలు పాతారు. అవి ఎండకు వాడవు, వాటికి నీళ్లక్కర్లేదు. కలప వృథా కాకూడదని దానితోనే జ్ఞాపికలు చేయించారు. ఒక్కో జ్ఞాపిక మీద 'చెట్టే ప్రాణం' అని అందంగా చెక్కించారు.

ఇంతవరకూ గంగులమ్మ ఊళ్లో లేదు. పాకాలలో కూతురి పురిటికి పోయి ఉంది. తిరిగొచ్చిన రోజు నరికిన మొదళ్లను ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుంటూ నడిచింది.  తర్వాత తోపుకు ఎక్కి చూస్తే అక్కడి చెట్లకు ఎర్ర రంగు గుర్తులు కనిపించాయి. అప్పుడు ఆమెకు నిజంగా భయమేసింది. కింద దారి చెట్లు పోతే నీడ పోతుంది. ఊట తోపు పోతే వచ్చే ఎండాకాలానికి వాగే ఉండదు. చక్రం ఆగిపోతుంది. బిడ్డల చదువులు మళ్లీ కిరసనాయిలు బుడ్డి దగ్గరికి పోతాయి.

మండలి ఇంజనీరు మునిశేఖర్ షామియానా కొలతలు చూసుకుంటూ ఉంటే వెళ్లి నిలదీసింది.

"సారూ, తోపులో సెట్లకు ఎర్ర రంగు ఎందుకు పూసినారు?"

"అది రెండో దశమ్మా. ఊట దాకా రోడ్డేసి, ఆడ ప్రకృతి దర్శన వేదిక కడతాం. తిరుపతి నుంచి జనం వచ్చి నీళ్లు ఎట్లా పుడతాయో సూసి పోతారు."

"సెట్లు కొడితే నీళ్లు యాడ పుడతాయి సారూ?"

"అందుకే కొళాయి కూడా పెడతాం."

గంగులమ్మ కాసేపు అతని మొహంలోకి చూసింది. అతను వెటకారం చేయడం లేదు. మంచి కుర్రాడు, పై నుంచి వచ్చింది కింద అమలు చేసేవాడు.

"ఎప్పుడు కొడతారు?"

"మొదటి దశ ప్రారంభం కావల్లమ్మా. చైర్మన్ గారు మీట నొక్కి, లైటు ఎలిగితేనే రెండో దశ నిధులు కదుల్తాయి. ఈ నెలాఖరులోపు కదలకపోతే మురిగిపోతాయి. నువ్వేం దిగులు పడొద్దు, అట్లా కానీములే," అని మునిశేఖర్ ధైర్యం చెప్పాడు.

ప్రారంభోత్సవానికి ముందురోజు మండలి సిబ్బంది ఇంటింటికీ తిరిగి బల్బులు విప్పించారు. చీకటి లేని పల్లెకు వెలుగు ఇస్తే చూసేవాళ్లకు ఏం బాగుంటుంది? పిల్లలకు చీకట్లో దిగులుగా కూర్చోవడం నేర్పించారు. ఒక్క పాప మాత్రం ఎంత చెప్పినా నవ్వు ఆపుకోలేకపోవడంతో ఫొటోలోంచి పక్కకు తప్పించారు. వేదికకు కొండవాగు కరెంటే వాడాలని, జనరేటరు పొగ ఛాయలకే రాకూడదని చైర్మన్ గారి ఖచ్చితమైన ఆజ్ఞ. ఎందుకంటే ఫ్లెక్సీ మీద 'పొగ లేని వెలుగు' అని అప్పటికే వేయించేశారు. ఆ ఫ్లెక్సీలో అడవి బొమ్మ ఎంత పెద్దదంటే దాని వెనక ఉన్న అడవి కనబడలేదు.

సభ సాయంత్రం మొదలైంది. నేను విలేకరుల వ్యానులో వెళ్లాను. మాకు వేసిన కుర్చీలు కొత్త కలప వాసన వేస్తున్నాయి. టీవీ వాళ్లు ప్రత్యక్ష ప్రసారం పెట్టారు. పరంధామయ్య గారు మైకు అందుకుని అనర్గళంగా మాట్లాడారు.

"సోదర సోదరీమణులారా! ఊటకోన కట్టుబాటు వింటే నా ఒళ్లు పులకరిస్తోంది. చెట్టు నరికినవాడికి చీకటి! ఆహా, ఏ న్యాయస్థానం ఇంత చక్కటి తీర్పు ఇవ్వగలదు? ఈ గిరిపుత్రుల కట్టుబాటుకు నేను తలవంచి నమస్కరిస్తున్నాను. ఇది ధనికుడికీ పేదకూ, పెద్దకూ చిన్నకూ, చివరికి ఈ పరంధామయ్యకు కూడా సమానంగా వర్తించాలని ఈ వేదిక నుంచి ఘంటాపథంగా చాటుతున్నాను!"

చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా గంగులమ్మ కొట్టింది. తర్వాత లేచి షెడ్డులోకి పోయి, వేదిక లైను ఫ్యూజు పీకి కొంగున ముడేసుకుని వచ్చి మళ్లీ తన చోట కూర్చుంది.

చైర్మన్ గారు బంగారు రంగు మీట నొక్కారు. ఏమీ వెలగలేదు. మైకు కూడా అప్పటికే మూగబోయింది. మళ్లీ నొక్కారు. ఫొటో కోసమేమోనని మేమంతా చప్పట్లు కొట్టాం.

మునిశేఖర్ పరిగెత్తుకొచ్చాడు. "ఏమైందమ్మా?"

"ఫ్యూజు పీకినా సారూ. దారి పొడుగునా సెట్లు కొట్టినారు గదా. సామి ఇప్పుడే సెప్పినాడు, ఆయనకూ వర్తిస్తాదని. మా మాటంటే అంత గౌరవం ఉండే పెద్దమనిషికి లైను తియ్యకపోతే ఆయన్ని అవమానించినట్టు గాదా?"

టీవీ కెమెరాలు గంగులమ్మ వైపు తిరిగాయి, అక్కడి నుంచి చైర్మన్ గారి వైపు తిరిగాయి. ఆయన మొహంలో వరసగా చాలా రంగులు మారాయి, చివరికి చిరునవ్వు నిలిచింది. ప్రత్యక్ష ప్రసారంలో ఇంకేం నిలుస్తుంది? "అలాగే తల్లీ! మొక్క తెప్పించండి!" అన్నారు.

మొక్క సిద్ధంగానే ఉంది. అది మండలి వారి సీనియర్ మొక్క. జిల్లాలో ఎన్నో సభల్లో నాటబడిన అనుభవం దానిది. ప్లాస్టిక్ సంచి తీయకుండానే గుంతలో పెట్టడం, ఫొటో దిగాక పైకి లాగి తర్వాతి సభకు పంపడం ఆనవాయితీ. చైర్మన్ గారు ఆనవాయితీ ప్రకారం నాటి, చెయ్యి దులుపుకుని, "ఇక వెయ్యమ్మా లైటు," అన్నారు.

"సిగురెయ్యల్ల సామీ."

"ఎప్పటికి వేస్తుంది?"

"అది సెట్టు ఇష్టం."

ఆ మాటతో సభ ముగిసింది. సుబ్బన్న నెమ్మదిగా వెళ్లి మొక్కను పైకి తీసి, సంచి చించి, మళ్లీ మట్టిలో పెట్టాడు. అది మట్టిని తాకడం అదే మొదటిసారి అయి ఉంటుంది.

మర్నాటి నుంచి ఊటకోనకు ప్రముఖుల తాకిడి పెరిగింది. మొక్క పర్యవేక్షణ ఉపసంఘం ఏర్పడింది. దానికి ఒక వాహనం, దినభత్యం మంజూరయ్యాయి. ఉపసంఘం రోజూ వచ్చి, చుట్టూ కూర్చుని, మొక్కను కన్నార్పకుండా చూసి, టిఫిను చేసి వెళ్లేది. చిగురు త్వరపడాలని ఒకరు ఎరువు బస్తా కుమ్మరించారు. ఇంకొకరు తడ నుంచి ట్యాంకరుతో నీళ్లు తెప్పించి గుంత నింపారు. మొక్క వేలాడిపోయింది. మునిశేఖర్ ఒకరోజు జిగురుతో ఓ లేత ఆకు అంటించి గంగులమ్మను పిలవబోయాడు. సుబ్బన్న అతని భుజం మీద చెయ్యేశాడు.

"వద్దబ్బా. నేనూ సేసినా ఈ పని. దొరికిపోతే ఇంకో సెట్టు నాటిస్తాది. నా మాట ఇని పీకెయ్."

మునిశేఖర్ ఆకు పీకేశాడు.

గంగులమ్మకు కోపం వచ్చిన మాట నిజమే, కానీ జిగురాకు మీద కాదు. గుంతలో మురుగుతున్న నీళ్లు చూసి ఉపసంఘాన్ని తరిమింది. "మీరు తప్పు సేస్తే సెట్టేం సేసింది పాపం? దాన్ని ముంచి సంపుతారా?" అంటూ నీళ్లు తోడి, ఎండుటాకులు కప్పి, నీడకు తడిక కట్టింది. ఆ మొక్క చస్తే ఆమెకే మేలు కదా అని పల్లెలో ఒకరన్నారు. ఆ అన్నవాళ్లకు పడిన తిట్లు ఇక్కడ రాయడం సాధ్యం కాదు. మొక్కను అన్యాయంగా ఆపడం ఆమె కట్టుబాటులో లేదు. దాన్ని బతికించాలి, చిగురేస్తే ఫ్యూజు ఇచ్చెయ్యాలి. తోపు పోతుందేమోనని రాత్రిళ్లు కుమిలిపోతూనే పొద్దున్నే చెంబుతో నీళ్లు పోసేది. అంత పిచ్చి మనిషి. నాకు చాలా నచ్చింది.

నెలాఖరు వచ్చింది, పోయింది. లైటు వెలగలేదు కాబట్టి మొదటి దశ ప్రారంభం కాలేదు. ప్రారంభం కాలేదు కాబట్టి రెండో దశ నిధులు పద్ధతి ప్రకారం మురిగిపోయాయి. అదయిన కొద్ది రోజులకే, తీరిగ్గా, ఎర్రటి చిగురొకటి బయటికి వచ్చింది. గంగులమ్మ వెంటనే చైర్మన్ గారికి ఫోన్ చేసింది.

"సామీ, మీ సెట్టు సిగురేసినాది. వచ్చి మీ లైటు ఏసుకోండి."

చైర్మన్ గారు అప్పటికి వేరే జిల్లాలో ఇంకో వాగును ప్రారంభిస్తున్నారు. ఆడవాళ్లు తోపుకు ఎక్కి, పీచూ బూడిదా పెట్టి ఎర్ర రంగు గీకేశారు. ఊట ఎప్పట్లా పారుతోంది, చక్రం ఎప్పట్లా తిరుగుతోంది.

కథ ఇక్కడితో ఆగితే బాగుండేది. కానీ మన సమాజం మంచిని గుర్తించకుండా ఉండలేదు. తిరుపతిలో ఒక పెద్ద ఏసీ హాలులో గంగులమ్మకు పౌర సన్మానం జరిగింది. డాక్టర్లు, లాయర్లు, వ్యాపారులు, ఉపాధ్యాయులు కిక్కిరిసి వచ్చారు. ఊటకోన కట్టుబాటును మన నగరంలోనూ తక్షణం అమలు చేయాలని ఒకరు ప్రతిపాదిస్తే, హాలంతా లేచి నిలబడి బలపరిచింది. పరంధామయ్య గారు కళ్లు తుడుచుకున్నారు. శాలువా కప్పి, నాలుగు మాటలు చెప్పమని ఆమెకు మైకు ఇచ్చారు.

గంగులమ్మకు సభా మర్యాదలు తెలియవు. తీర్మానాన్ని నిజమనుకుంది.

"మంచి మాట సెప్పినారు. ఈ హాలు కట్టకముందు ఈడ ఏముండె?"

"మామిడి తోపు," అన్నాడు వెనక వరసలోంచి ఓ ముసలాయన, నోరు జారి.

"అయితే ఈడి నుంచే మొదలుపెడదాం. ఫ్యూజులు యాడ ఉండాయి?"

చప్పట్లు ఇంకా మోగుతూనే ఉన్నాయి, కానీ జనం గుమ్మం వైపు జరుగుతూ కొట్టారు. గంగులమ్మ మాత్రం తొందరపడలేదు. ఊరు పెద్దది, ఒక్క రోజులో అయ్యే పని కాదు, వీధి వీధీ తిరిగి చూస్తానంది. నిన్న మా వీధిలో కనిపించింది. పక్కన సుబ్బన్న, చేతిలో ఖాళీ గోనె సంచి. మా ఎదురింటాయన కారు షెడ్డు ముందు నిలబడి, "ఈడ ముందు ఏ సెట్టు ఉండె?" అని ఎంతో మర్యాదగా అడుగుతోంది.

తర్వాత మీ వీధే. ఏం సమాధానం చెబుతారో ఈ పేజీ కనబడేంత వెలుగు ఉండగానే ఆలోచించుకోండి.