పారిపోయే ‘వద్దు’

బొత్తాల బావకి ఆ పేరు పెట్టింది అతని బావమరిది.

వెబ్‌సైట్లు తయారుచేయడం బావ ఉద్యోగం. తెర మీద బొత్తాం ఏ మూల పెడితే జనం నొక్కుతారు, ఏ రంగు వేస్తే చూసీ చూడనట్టు పోతారు అన్న ఆలోచనతోనే అతనికి తెల్లవారేది, పొద్దుగూకేది. లిఫ్టులో తలుపు మూసే బొత్తాం నిజంగా తలుపు మూస్తుందా, లేక మన తృప్తి కోసం పెట్టారా అని తేల్చుకోవడానికి ఒక ఆదివారమంతా పైకీ కిందికీ తిరిగిన మనిషి. అతని చొక్కాకి మాత్రం పై బొత్తాం ఎప్పుడూ ఉండేది కాదు.

భార్య పళ్ళ డాక్టరు. పొద్దస్తమానం పరాయివాళ్ళ నోళ్ళలోకి తొంగిచూసి ఇంటికొచ్చే ఆవిడకి ఒకే ఒక్క కోరిక ఉండేది. వంటింటి పక్కనున్న చిన్న గది ఖాళీగా కావాలి.

ఆ గది బావ మ్యూజియం. వెనక పెద్ద మూపురాలున్న పాత కంప్యూటర్లు గోడ వారన బారులు తీరి ఉండేవి. వాటి నిండా ఇంటర్నెట్ తొలినాళ్ళ పేజీలు. కళ్ళు కొట్టే అక్షరాలు, ఎవరో తన పిల్లి కోసం కట్టి, పిల్లి పోయాక కూడా అలాగే వదిలేసిన పేజీ, ‘నిర్మాణంలో ఉంది’ అన్న బోర్డు పక్కన పార పట్టుకుని తవ్వే బొమ్మ మనిషి. ఎవరు కట్టారు, ఎందుకు కట్టారు, ఇప్పుడెక్కడున్నారు అని బావ గంటల తరబడి ఆరా తీసేవాడు.

“ఈ పార మనిషిని చూడు. ఇన్నేళ్ళుగా తవ్వుతున్నాడు, గొయ్యి మాత్రం పడలేదు” అని మురిసిపోయేవాడు.

“నేనూ అంతే. ఇన్నేళ్ళుగా అడుగుతున్నాను, గది మాత్రం ఖాళీ కాలేదు” అనేది డాక్టరమ్మ.

“ఖాళీ గదిలో ఏం చేస్తావు?”

“ఏమీ చేయను. అందుకే ఖాళీగా కావాలంటున్నాను.”

“ఏమీ చేయకపోవడానికి గదెందుకు? హాల్లో చేయకుండా ఉండొచ్చుగా!”

“హాల్లో మీరుంటారు.”

ఈ మాటకి బావకి రోషం రావలసింది. ఆలోచన వచ్చింది.

వెబ్‌సైట్ల లోకంలో మనుషుల చేత ‘సరే’ అనిపించడానికి కొన్ని కిటుకులున్నాయి. ‘సరే’ బొత్తాన్ని పచ్చగా, దిండంత చేసి పెడతారు. ‘వద్దు’ బొత్తాన్ని బూడిదరంగులో, చీమంత చేసి మూలకి తోస్తారు. ఆఫీసులో ఇలాంటివి చేయమంటే బావ మొహం మాడ్చుకునేవాడు. కానీ అవి నిజంగా మనుషుల మీద పారతాయా అన్న కుతూహలం మాత్రం లోపల తొలిచేస్తూనే ఉండేది. ఇంట్లోనే ఒక మనిషి ఉండగా ఎక్కడికో పోవడం దేనికి?

మర్నాడు ఇంటి నుంచే పని అని చెప్పి, ఆఫీసు పని పక్కనబెట్టి, ఒక పేజీ తయారుచేసి భార్య ఫోనుకి పంపాడు. ‘మన చిన్న గది: మీ అభిప్రాయమే మాకు శిరోధార్యం’ అని పైన మకుటం. దాని కింద మూడు బొత్తాలు.

మొదటిది దిండంత పచ్చది: ‘అవును, మన జ్ఞాపకాలు పదిలంగా ఉండాలి.’

రెండోది: ‘కంప్యూటర్లన్నీ పడకగదిలోకి మార్చేద్దాం.’ ఇది ఎర. దీన్ని చూసి హడలిపోయి మనిషి మొదటిదే నొక్కాలి.

మూడోది చీమంత: ‘వద్దు, గది ఖాళీ చేయాలి. నాకు జాలీ దయా లేవు.’ దీని మీద వేలు పడగానే ఇది గెంతి ఇంకోచోటికి పారిపోతుంది.

కాసేపటికి క్లినిక్ నుంచి ఫోను.

“ఏమండీ, ఈ బొత్తాం ఏమిటి, నొక్కబోతే ఎలకలా పరిగెడుతోంది?”

“ఏ బొత్తాం?” అన్నాడు బావ, అప్పుడే పుట్టినవాడిలా.

“‘వద్దు’ అన్నది.”

“నీ ఫోను పాతదైపోయిందేమో. పచ్చది నొక్కి చూడు, అంగుళం కదలదు.”

 అవతల నుంచి “అలాగా” అని వినిపించింది.

పెళ్ళయిన మగవాడెవడైనా ఆ “అలాగా” వినగానే చేతిలో పని పారేసి పరిగెత్తుకెళ్ళి క్షమాపణ చెప్పుకోవాలి. బావ వెళ్ళి కాఫీ కలుపుకున్నాడు.

కప్పుతో తిరిగొచ్చేసరికి అతని తెర మీద చుక్కలు పడుతున్నాయి. పేజీలో ఎవరి వేలు ఎక్కడ తగిలితే అక్కడ ఒక చుక్క పడేట్టు ఏర్పాటు చేసుకున్నాడు. ఒక్క మనిషికి ఇన్ని చుక్కలా అని ఆశ్చర్యపోతుండగానే చినుకులు కాస్తా జోరువాన అయ్యాయి. అంతలో అత్తగారి ఫోను.

“అల్లుడుగారూ, అమ్మాయి ఏదో ఆట పంపిందండీ, భలేగా ఉంది. ఈ చిన్నదాన్ని పట్టుకుంటే గెలిచినట్టేనా?”

“అత్తయ్యగారూ, అది ఆట కాదండీ, అభిప్రాయం...”

“ఉండండి ఉండండి, పక్కకొచ్చింది... అబ్బ, జారిపోయింది! మీరు మాట్లాడుతుంటే గురి తప్పుతోంది బాబూ, ఉంటాను.”

బావ కంగారుగా భార్యకి ఫోను చేశాడు. వెనక తిరనాళ్ళలా కేకలు, నవ్వులు.

“ఏమిటా గోల?”

“నా పేషెంట్లు. దవడ వాచినాయన ‘ఇదిగో పట్టేశా’ అని అరుస్తున్నాడు. లోపలికి రమ్మంటే ‘ఇంకొక్కసారి డాక్టరుగారూ’ అంటున్నాడు. పన్ను పీకించుకోవడానికొచ్చి నవ్వేవాళ్ళని నేనిదే చూడడం.”

“వాళ్ళకెందుకు చూపించావు? ఇది మన ఇంటి విషయం!”

“నా ఫోను పాతదన్నారుగా. కొత్త ఫోన్లలో పనిచేస్తుందేమో చూద్దామని.”

ఫోను పెట్టేశాక బావ పేజీని తీసేయవలసింది. కానీ తెర మీద కనిపించినదాన్ని చూసి అతని వేళ్ళు ఆగిపోయాయి. దిండంత పచ్చ బొత్తాం మీద ఒక్క చుక్క లేదు. కొత్త దిండు గలీబులా మచ్చ లేకుండా మెరిసిపోతోంది. పడకగది బొత్తాం మీద ఒకే ఒక్క చుక్క ఉంది. ఎవరా పుణ్యాత్ముడని ఆరా తీస్తే, పరీక్ష కోసం పొద్దున్న తను నొక్కినదే. జనమంతా చీమంత ‘వద్దు’ వెంట పడ్డారు!

ఇన్నేళ్ళ ఉద్యోగంలో అతని ఏ బొత్తానికీ ఇంత గిరాకీ రాలేదు. పారిపోతోంది కాబట్టి వెంటబడుతున్నారా, చిన్నదిగా ఉంది కాబట్టా? తేల్చుకోకపోతే అన్నం సహించేలా లేదు. బొత్తాన్ని ఇంకా చిన్నది చేసి, ఇంకా దూరం గెంతేట్టు మార్చాడు. చుక్కలు రెట్టింపయ్యాయి. బావ కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాడు. తను ఏ పక్షమో ఆ క్షణంలో అతనికి గుర్తులేదు.

సరిగ్గా అప్పుడే తెర మీద ఒక వాక్యం వెలిగింది. ‘అభిప్రాయం అందింది: వద్దు, గది ఖాళీ చేయాలి.’

వెంటనే ఫోను. “పట్టేశానండీ అల్లుడుగారూ!”

“ఎలా పట్టారండీ? అది దొరికే రకం కాదే!”

“అక్షరాలు కంటికి ఆనక ఫోను అడ్డంగా తిప్పాను. పారిపోవడానికి చోటు చాల్లేదేమో, అంచున ఇరుక్కుని బల్లిలా కొట్టుకుంది. ఒక్కటేశాను. ఇదిగో, ఈ కిటుకు అమ్మాయికీ చెప్పాను.”

బావ నెత్తి పట్టుకుని కూలబడ్డాడు. ఫోను నిలువుగా పట్టుకుంటారనే లెక్కలు కట్టాడు గానీ, అడ్డంగా తిప్పే అత్తగారుంటారని తోచలేదు. క్లినిక్‌లో ఫోన్లన్నీ ఒక్కసారిగా అడ్డం తిరిగినట్టున్నాయి, తెర మీద ‘ఖాళీ చేయాలి, ఖాళీ చేయాలి’ అంటూ ఊరేగింపు మొదలైంది.

సాయంత్రం డాక్టరమ్మ వచ్చేసరికి బావ వాదనలు సిద్ధం చేసుకుని కూర్చున్నాడు. బయటివాళ్ళ అభిప్రాయాలు చెల్లవు. పేజీలో తప్పు దొర్లింది కనక అత్తగారిదీ చెల్లదు. ఆవిడ అతన్ని ఆ మాటలేవీ అననివ్వలేదు. చెప్పులు విడిచి, సంచి బల్ల మీద పెట్టి, మామూలుగా అడిగింది.

“ఏమండీ, ఆ కంప్యూటర్లకి వ్యాను మాట్లాడాను. రేపు పొద్దున్న రమ్మననా, సాయంత్రం రమ్మననా?”

బావ జాగ్రత్తగా ఆలోచించాడు. పొద్దున్న మీటింగుంది. వైర్లు విప్పడానికీ టైము పడుతుంది.

“సాయంత్రమైతే నయం.”

“సరే.”

ఆవిడ లోపలికెళ్ళింది. తన అభిప్రాయం అడిగినందుకు మురిసిపోతూ బావ మంచినీళ్ళు తాగబోయాడు. సగం గుటకలో పొలమారింది.

“ఇదేమిటి! అసలు పంపించాలా అక్కర్లేదా అని నువ్వు అడగలేదే?”

“అడగలేదు.”

“మరి ‘వద్దు’ ఎక్కడ పెట్టావు?”

“పెట్టలేదు. పెడితే కదా పారిపోయేది!”

బావ గది వైపు చూసి, గొంతు తగ్గించి అడిగాడు. “అన్నీ పారేస్తావా?”

“పారేస్తానని ఎవరన్నారు? క్లినిక్ ముందు గదిలో పెడదాం. పనికిమాలిన బొత్తాం ఒకటి గెంతితేనే ఇవాళ అందరూ నొప్పి మర్చిపోయారు. మీ పేజీలు చూస్తూ కూర్చుంటే మత్తు సూదితో పని తగ్గుతుంది.”

ఆ మ్యూజియానికి బావ తప్ప ఇంకో సందర్శకుడు ఎన్నడూ లేడు. అతను లోపలికెళ్ళి వైర్లు విప్పడం మొదలుపెట్టాడు.

మర్నాడు సాయంత్రం క్లినిక్ ముందు గదిలో కంప్యూటర్లు వెలిగాయి. బుగ్గలు పట్టుకుని వచ్చినవాళ్ళు చుట్టూ మూగి “ఇదేమిటి, అదెందుకు” అని అడుగుతుంటే బావ ఉబ్బితబ్బిబ్బై జవాబులు చెప్పాడు. అందరూ వెళ్ళాక డాక్టరమ్మ లోపలి నుంచి పిలిచింది.

“ఒకసారి ఇలా రండి. ఈ కుర్చీ మీద దీపం సరిగ్గా పడుతోందా, కూర్చుని చెప్పండి.”

బావ కూర్చున్నాడు. కుర్చీ వెనక్కి వాలింది. దీపం భేషుగ్గా మొహం మీద పడింది.

“కొన్నాళ్ళుగా మీరు ఎడమవైపే నములుతున్నారు, చూస్తూనే ఉన్నాను” అంది ఆవిడ చేతికి తొడుగు వేసుకుంటూ. “పై పన్ను ముందు చూడనా, కింది పన్ను ముందు చూడనా?”

బావ నవ్వుకున్నాడు. నిన్నంటే ఏమరుపాటున చిక్కాడు గానీ, మళ్ళీ చిక్కుతాడా? పైదీ కాదు, కిందిదీ కాదు, ఆవిడ అడగని జవాబే ఇవాళ చెప్పాలి. ‘అక్కర్లేదు’ అని ధీమాగా చెప్పబోయి, “అ...” అన్నాడు.

పళ్ళ అద్దం నోట్లోకి వెళ్ళిపోయింది.

“ఆఁ, అలాగే ఉంచండి” అంది డాక్టరమ్మ.