తలకిందుల పటం

గుమ్మలపాడులో దోమలు మనుషుల్ని కుట్టాలంటే జాతి ధ్రువపత్రం తెచ్చుకోవాలన్న నిబంధన వచ్చి మూడేళ్లయింది. మొదట్లో కాస్త గొణిగినా, ఇప్పుడు అవి పొద్దున్న తొమ్మిదింటికల్లా దరఖాస్తులతో వచ్చి కార్యాలయం గోడ మీద వరసగా వాలుతున్నాయి.

ఈ దోమల్లో రెండు జాతులున్నాయి. ఒకటి మలేరియా తెస్తుంది, రెండోది దురద పెట్టి ఊరుకుంటుంది. రెక్కలు, కాళ్లు, ముక్కు అచ్చం ఒకటే. తమది ఏ జాతో ఆ దోమలకే తెలియదు. తేడా అంతా లోపలి క్రోమోజోముల్లో ఉంది. వాటి మీద తువ్వాలు అంచులా చారలుంటాయి. ఒక జాతిలో కొన్ని చారల వరస తిరగబడి ఉంటుంది. కడుపులో గుడ్లు సగం ఎదిగిన దోమలోనే ఆ చారలు సరిగ్గా కనిపిస్తాయి. గుడ్లు ఎదగాలంటే రక్తం తాగాలి. అంటే కుట్టే అర్హత ఉందో లేదో తేల్చడానికి ముందు కుట్టించాలి. అందుకోసం అటెండరు దాలినాయుడి ఎడమ చేతిని కేటాయించారు. పరీక్షలో దోమ ఎలాగూ చనిపోతుంది కాబట్టి, పత్రం దాని తోబుట్టువులకు అందజేస్తారు.

"మా అమ్మ తరం పత్రం ఉందండి. చాలదా?" అని అడిగింది ఆ మధ్య ఒక దోమ.

"అది మీ అమ్మ వాళ్లకి. మీ కాన్పుకి విడిగా కావాలి," అన్నాడు అధికారి కామేశం.

కామేశం మంచి మనిషే. మైక్రోస్కోపులోకి ఒకసారి, ఎదుటి గోడ మీది పటం వైపు ఒకసారి చూస్తాడు. పటంలో ఉన్నవి మలేరియా జాతి చారలు. కలిస్తే తిరస్కరణ, కలవకపోతే పత్రం. మూడేళ్లలో ఒక్క దోమా కలవలేదు. మలేరియా దోమ లేని ఊరని గుమ్మలపాడుకు ప్రశంసాపత్రం వచ్చింది. ఊళ్లో మలేరియా మాత్రలు ఇవ్వడం మానేశారు.

దాలినాయుడికి మాత్రం రోజు విడిచి రోజు చలిజ్వరం. ఈ ఏడాదిలో ఇది మూడోసారి. చొక్కా ఒంటి మీద వేలాడుతోంది. ఆసుపత్రికి వెళితే, కుట్టిన దోమల పత్రాలు తెమ్మన్నారు. ఫైలు అతనే మోసుకెళ్లాడు. అన్నీ దురద జాతే. దురదకి పూతమందు రాసిచ్చారు.

ఆయుధపూజ నాడు మైక్రోస్కోపుకి బొట్టు పెట్టాక, దాలినాయుడు పటం దించి తుడవబోయాడు. వెనక, ఈ వైపు పైకి అని చూపించే బాణం గుర్తు నేల వైపు ఉంది.

"బాబూ, ఇది తలకిందులుగా ఉందండి. నానే తగిలించినాను. సూసుకోనేదు."

కామేశం కళ్లజోడు తుడుచుకున్నాడు. పటాన్ని తిప్పి పట్టుకుని, మైక్రోస్కోపు కింది దోమ చారలతో పోల్చాడు. చారకు చార కలిసింది.

"నాయుడూ, ఇది తిప్పి పెడితే ఏమవుతుందో తెలుసా? మూడేళ్ల పత్రాలు చెల్లవు. ఊళ్లో జ్వరాలన్నీ ఒక్కరోజులో నిజమైపోతాయి. అంతమందికి మాత్రలు ఎక్కణ్నుంచి తేను?"

"నాకొక్కడికే సాలండి."

"నీకొక్కడికి ఎలా వస్తుందయ్యా? నిన్ను కుట్టినవన్నీ దురద దోమలే కదా."

"మరి ఈ ఒణుకేటి బాబూ?"

"వణుకు వేరు, జ్వరం వేరు."

అలా అన్నాడే గాని కామేశానికి నిజంగానే జాలేసింది. ప్రశంసాపత్రంతో పాటు తనకు కప్పిన శాలువా బీరువాలోంచి తీసి దాలినాయుడి భుజాల మీద కప్పాడు. పటం ఎలా ఉండేదో అలాగే పెట్టమన్నాడు. దాలినాయుడు స్టూలెక్కి, పాత మేకు వదులైందని కొత్తది గట్టిగా కొట్టి మరీ తగిలించాడు. పటానికీ ఒక బొట్టు పెట్టాడు.

తరవాత కుర్చీలో కూర్చుని, శాలువాలోంచి ఎడమ చెయ్యి బయటికి చాపాడు. వరసలో ముందున్న దోమ వచ్చి వాలింది. రెండుసార్లు జారి, మళ్లీ వాలింది.

"చెయ్యి నిలవడం లేదు బాబాయ్. జ్వరమా?"

"జొరం కాదమ్మా, ఒట్టి ఒణుకే," అని దాలినాయుడు, దోమకి ఇబ్బంది లేకుండా, రెండో చేత్తో ఆ చేతిని అదిమి పట్టుకున్నాడు.