మిద్దె ఎక్కిన పరుపులు

వారం రోజులుగా పట్టిన ముసురు ఆ పొద్దున ఒక్కసారిగా విడిచింది. నాందేడ్‌లో గోదావరికి దగ్గరగా ఉన్న ఆ గల్లీలో ఎండ పడగానే అందరికంటే ఎక్కువ సంతోషించిన మనిషి ముత్తెమ్మ. ఆమెకు ఎండతో చాలా అవసరమైన పని ఉంది. ఆ పనేమిటో గల్లీలో ఎవరికీ తెలియకూడదు.

"రాములూ, నల్లులురా," అంది కొడుకు చెవిలో, చావు కబురు చెబుతున్నట్టు. "మంచం సందులల్ల ఉన్నయ్, పరుపులల్ల ఉన్నయ్, దేవుని పటాల ఎనక సుత ఉన్నయ్. అన్ని మిద్దె మీదికి ఎక్కియ్యాలె. ఇయ్యాల దాటిందంటె మళ్ల ముసురు వడ్తది."

"అవ్వా, ఇయ్యాల ముంబై నుంచి మేడం తనిఖీకి అస్తున్నది. నేను జల్ది పోవాలె," అన్నాడు వెంకట్రాములు.

"పో, ఎవరద్దన్నరు? మోసి పో. ఎవ్వలన్న అడిగితె నల్లుల పేరు ఎత్తకు. ఎదురింటి కాశీబాయికైతే అసలే తెల్వద్దు. తెలిసిందంటె నేనీ గల్లీల తలెత్తుకోని తిరుగ."

ఆమె భయానికి కారణం ఉంది. నిరుడు కాశీబాయి ఇంట్లో నల్లులు పడ్డప్పుడు, ఆ సంగతిని గల్లీ మొదటి నుంచి చివరి దాకా గడపగడపకూ చేరవేసింది ముత్తెమ్మే. వినని వాళ్లను వెనక్కి పిలిచి మరీ చెప్పింది. భర్త పోయాక ధర్మాబాద్ దగ్గరి పల్లె నుంచి చిన్న పిల్లవాణ్ని వెంటబెట్టుకుని ఈ ఊరు వచ్చి, అద్దె గదుల్లో కూడా నేల మీద వడ్డించుకుని తినేంత శుభ్రంగా కాపురం నెట్టుకొచ్చిన మనిషి. ఆమెకు ఆస్తి ఏమన్నా ఉందంటే అది ఈ శుభ్రత ఒక్కటే. దాని మీద ఆమెకు గర్వం ఉంది, ఆ గర్వానికి కొంచెం నోరు కూడా ఉంది.

వెంకట్రాములు ప్యాంటు పైకి మడిచి మోయడం మొదలుపెట్టాడు. భార్య వత్సల మంచానికి రెండో కొస పట్టింది. పరుపులు, దిండ్లు, బొంతలు, బట్టల సందూకు, మంచం పక్కనున్న పాపానికి బియ్యం డబ్బా, చివరికి దేవుడి పటాలు, అన్నీ మిద్దె ఎక్కాయి. ఆ ఇంటి మెట్లు బయటి వైపు, సరిగ్గా కాశీబాయి గుమ్మానికి ఎదురుగా ఉన్నాయి. ఆమె అరుగు మీద మెంతికూర తెంపుతూ అంతా చూసింది.

"ఏంది రాములూ, ఇల్లు ఖాళీ చేస్తున్నరా?"

ఇక్కడ వెంకట్రాములు ఉద్యోగం సంగతి చెప్పుకోవాలి. అతను జిల్లా విపత్తు కార్యాలయంలో అఫ్వా నివారణ కక్షకు ఇన్‌చార్జి. అఫ్వా అంటే ఆ ప్రాంతంలో పుకారు, కక్ష అంటే విభాగం. వరదలొచ్చినప్పుడు, పిడుగులు పడినప్పుడు జనంలో పుట్టే పుకార్లను పట్టుకుని, అవి అబద్ధమని ప్రకటించడం అతని పని. సర్పంచులకు, గ్రామసేవకులకు అతను శిక్షణ కూడా ఇస్తాడు. "నిజం దాయద్దు. మొత్తం చెప్పాలె, ముందుగాల చెప్పాలె. మనం చెప్పకుంటె జనం సొంతంగ ఒకటి తయారు చేసుకుంటరు" అని ఊరూరా తిరిగి చెప్పాడు. అలాంటివాడికి, సమయానికి ఒక చిన్న అబద్ధం తోచలేదు. దుమ్ము దులుపుతున్నామంటే సరిపోయేది. అలవాటు కొద్దీ విలేకరులతో చెప్పే మాట నోట్లోంచి వచ్చేసింది.

"ఇప్పుడే ఏం చెప్పలేను మౌశీ. ఏదన్న ఉంటే ఆఫీసు తరఫున చెప్తం. జనం భయపడద్దు, అఫ్వాలు నమ్మద్దు."

కాశీబాయి చేతిలోని మెంతి కట్ట కింద పడింది. వెంకట్రాములు అది చూడకుండానే స్కూటర్ ఎక్కి వెళ్లిపోయాడు.

ఆఫీసులో స్నేహల్ మేడం అప్పటికే వచ్చి కూర్చుంది. ముంబైలో పెద్ద ఆఫీసర్. తెలుగు రాదు, అందుకని ఇద్దరూ మరాఠీలో మాట్లాడుకున్నారు. మనిషి మర్యాదస్తురాలే, కానీ ఆమె అడిగిన ప్రశ్న మాత్రం వెంకట్రాములు ఉద్యోగానికే ఎసరు పెట్టేలా ఉంది.

"మూడు నెలలుగా మీ జిల్లాలో ఒక్క పుకారు కూడా లేదు. సంతోషమే. పుకార్లే లేని చోట పుకార్లను ఆపే కక్ష దేనికి?"

"మేము ఉన్నందుకే లేవు మేడం."

"అది రుజువు చేయడం కష్టం కదా!"

కక్ష మూసేస్తే అతన్ని కిన్వట్ వైపు మాండవికి పంపిస్తారని ముందే తెలిసింది. మాండవి చెడ్డ ఊరేం కాదు. చుట్టూ అడవి, మంచి గాలి. కానీ వత్సల పాఠశాల ఉద్యోగం నాందేడ్‌లో ఉంది, ముత్తెమ్మ మోకాళ్ల డాక్టరు నాందేడ్‌లో ఉన్నాడు. సంసారం రెండు ముక్కలవుతుంది. ఒక్క పుకారు, చిన్నదైనా సరే, పుట్టకూడదా అని అతను మనసులో దేవుడికి మొక్కుకున్నాడు.

ఫోను మోగింది.

"సాబ్, ఎగువ ప్రాజెక్టు తెగిందంట, నిజమేనా?"

"ఏంది, అఫ్వానా? చెప్పుండ్రి, చెప్పుండ్రి!" అన్నాడు వెంకట్రాములు, పండక్కి అల్లుడొచ్చినంత ఆదరంగా. పెట్టీ పెట్టకముందే ఇంకో ఫోను. ఆ తర్వాత వరసగా. అతను ముందు ప్రాజెక్టు వాళ్లను అడిగాడు. అక్కడ గేట్లు మూసే ఉన్నాయి, నీళ్లు పడుకుని ఉన్నాయి. నిమిషాల్లో ప్రకటన తయారైంది. "గోదావరి వరద గురించి వినిపిస్తున్న వార్తలో నిజం లేదు. ప్రజలు భయపడవద్దు." అది అన్ని తాలూకాలకూ, అన్ని వాట్సాప్ గ్రూపులకూ వెళ్లింది.

దాంతో ఫోన్లు రెండింతలయ్యాయి. అప్పటిదాకా ఏమీ వినని వాళ్లు కూడా ఇప్పుడు అడగసాగారు. ధర్మాబాద్ నుంచి ఒకాయన నిష్ఠూరమాడాడు. "మాకు ఆ వార్త రానే రాలే సాబ్. మీరేమో నిజం కాదంటున్నరు. అసలు వార్తేందో చెప్తే కద, మేం నమ్మకుండ ఉండేది!" బాబ్లీ నుంచి ఫోన్ చేసిన రైతు ఇంకా సూటిగా అన్నాడు. "భయపడద్దని సర్కారు అన్నదంటే, ఎడ్లను ఇప్పుకోని గడ్డకెక్కాలెనని మా తాత చెప్పిండు."

స్నేహల్ మేడం కుర్చీలోంచి లేచింది. కళ్లల్లో కోపం లేదు, ఉత్సుకత ఉంది. "నది పుట్టిన చోటు చూడ్డానికి జనం అంత దూరం వెళతారు. ఈ మాట ఎక్కడ పుట్టిందో చూద్దాం పదండి," అంది. వెంకట్రాములుకు కూడా అదే కుతూహలం. ఇన్నేళ్లలో పుకార్లను కొట్టేశాడే గానీ, ఒక్కదాని పుట్టిల్లు కూడా చూడలేదు. ఇద్దరూ జీపెక్కారు.

మొదట దొరికినవాడు స్టేషన్ దగ్గర ఆటో రాజన్న. ఎక్కిన వాళ్లందరికీ ప్రాజెక్టు తెగిందని చెప్పి, అడిగిన రేటు తీసుకుంటున్నాడు.

"పానీ ఆరా కతే సాబ్, నీళ్లొస్తున్నయంట! నేనేం చూడలే. టెంపో మంగేశ్ చెప్పిండు."

మంగేశ్ టెంపో నిండా ఎవరివో బీరువాలు, కుర్చీలు ఉన్నాయి. తన మీద నింద పడేసరికి అతనికి కోపం వచ్చింది. "తెగిందని నేనెప్పుడన్న? గేట్లు ఇడుస్తరని అన్న. గది సుత ఊకనే అన్లే. ఇపత్తు ఆఫీసుల పనిజేసే ఓ సాబు పొద్దుగాల్లనే తన ఇంటి సామానంత మిద్దెకెక్కిచ్చిండంట. దేవుని పటాలు సుత ఎక్కినయంట! దేవుళ్లే ఇల్లిడిస్తే మనమెంత?"

ఆ మాటలు మేడంకు మరాఠీలో చెబుతుంటేనే వెంకట్రాములుకు ఒళ్లు మండిపోయింది. "చూశారా మేడం! లోపలి సమాచారం పట్టుకుని తన ఇల్లు మాత్రం చూసుకున్నాడు. కంచే చేను మేసిందంటే ఇదే. ఎవడో గానీ వాణ్ని ఊరికే వదలకూడదు. పేరు తెలియగానే చర్య తీసుకోవలసిందే."

"తప్పకుండా," అంది మేడం. "ఏ గల్లీ అయ్యా?"

మంగేశ్ చేత్తో చూపించాడు. జీపు ఒక మలుపు తిరిగింది, ఇంకో మలుపు తిరిగింది. వెంకట్రాములు మాట్లాడ్డం తగ్గించాడు. పాల దుకాణం దాటాక పూర్తిగా మానేశాడు. నుదుటి మీద చెమట పట్టింది. పరుపులు మోసినప్పుడు కూడా అంత పట్టలేదు.

గల్లీ జాతరలా ఉంది. మూటలు, పిల్లలు, మేకలు, గ్యాస్ సిలిండర్లు అన్నీ రోడ్డు మీదికి వచ్చేశాయి. మధ్యలో స్థానిక చానల్ విలేకరి నితీశ్ మైకు పట్టుకుని, వెంకట్రాములు మిద్దె వైపు వేలు చూపిస్తూ కెమెరాతో ఆవేశంగా మాట్లాడుతున్నాడు. మిద్దె మీద ముత్తెమ్మ కర్ర పట్టుకుని పరుపును దబదబా బాదుతోంది. కింద జనం చేరిన సంగతి తెలిసినా ఆమె పని ఆపలేదు.

"ఇది ఎవరిల్లు?" అని అడిగింది మేడం.

వెంకట్రాములు జీపు దిగాడు. "చర్య తీసుకోవలసినవాడిది మేడం."

మేడం ఒక క్షణం అతన్ని చూసింది. తర్వాత చాలా నెమ్మదిగా, "మరి పైకి ఎందుకు మోశారు?" అంది. జనమంతా దగ్గరికి జరిగారు. మైకు అతని మూతి కిందికి వచ్చింది.

"ఇంటి పని మేడం. సొంత విషయం."

"జూడుండ్రి, చెప్తలేడు!" అని ఎవరో అరిచారు. ఆగిన మూటలు మళ్లీ కదిలాయి. ఒక ముసలాయన్ని మంచంతో సహా ఎత్తుతున్నారు. జ్వరంతో ఉన్నాడు పాపం, ఎక్కడికిరా అని అడుగుతూనే ఉన్నాడు. అది చూసి వెంకట్రాములు అటు రెండడుగులు వేసి ఆగాడు. నిజం మొత్తం చెప్పాలి, ముందుగా చెప్పాలి అని వందలమందికి పాఠం చెప్పినవాడు తాను. చెబితే ఈ జనం ఇళ్లకు పోతారు. పై నుంచి చూస్తున్న తల్లి మాత్రం తల దించుకోవాలి. అతను పైకి చూశాడు. ముత్తెమ్మ కర్ర ఆపి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"నల్లులు," అన్నాడు వెంకట్రాములు.

"గట్టిగ చెప్పుండ్రి సాబ్," అన్నాడు నితీశ్.

"నల్లులయ్యా! మా ఇంట్ల నల్లులు వడ్డయ్! పరుపులల్ల, మంచాలల్ల, దేవుని పటాల ఎనక! ఎండకు ఏసినం. గంతే. వరద లేదు, ఏం లేదు!"

ఎవరూ నమ్మలేదు. అంత శుభ్రమైన ఇంట్లో నల్లులేమిటి, ఏదో దాస్తున్నాడన్నారు. అప్పుడు కాశీబాయి ముందుకొచ్చింది. ఆమె వెంకట్రాములు వైపు చూడనే లేదు. నడుం మీద చేతులు పెట్టుకుని మిద్దె మీద ఉన్న ముత్తెమ్మనే చూసింది.

"ముత్తెమ్మ సప్పుడు జేస్తలేదు," అంది చివరికి. "అబద్ధమే అయితే ఈపాటికి చీపురు వట్టుకోని దిగుతుండె. నిజంగనే నల్లులే. పోండ్రి, మీ ఇండ్లకు పోండ్రి."

ప్రభుత్వ ప్రకటన వల్ల కానిది ఆ ఒక్క మాటతో అయిపోయింది. మూటలు విప్పారు, మేకల్ని లోపలికి తోలారు, ముసలాయన్ని మళ్లీ నీడకు చేర్చారు. ముత్తెమ్మ మాత్రం అటు తిరిగి నిలబడింది. అంత చిన్నగా తన తల్లి ఎప్పుడూ కనిపించలేదు వెంకట్రాములుకు.

జీపు ఎక్కుతూ మేడం నవ్వింది. "మీ కక్ష చాలా అవసరం. ఒక పరుపు మిద్దె ఎక్కితే ప్రాజెక్టు తెగే జిల్లా ఇది. మీరు ఇక్కడే ఉండండి. చర్య సంగతి మీ అమ్మగారు చూసుకుంటారు." ఆమె సాయంత్రం బండికి ముంబై బయలుదేరింది. మాండవి తప్పింది, సంసారం ఒకచోటే నిలిచింది. వెంకట్రాములు స్వీట్లు కొనుక్కుని ఇంటికి వచ్చాడు. తల్లి డబ్బా ముట్టుకోలేదు. అన్నం పెట్టమంటే వత్సలకు సైగ చేసింది.

"చెప్పకుంటె జనం ఆగమైపోతుండ్రి అవ్వా," అన్నాడు.

సరిగ్గా అప్పుడే కాశీబాయి వచ్చింది. అరుగుల మీద అందరూ కూర్చునే వేళ చూసుకుని, ఒక పొట్లాన్ని పైకెత్తి పట్టుకుని, గల్లీ అంతా చూసేలా నడిచి వచ్చింది. "నల్లుల మందు వదినె! నిరుడు మా ఇంటికి నువ్వే చెప్పినవు కద, గదే మందు," అని గుమ్మంలోంచే గట్టిగా అంది. ముత్తెమ్మ ఆ పొట్లాన్ని చూసింది. లేచి, కాశీబాయి చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్లింది. లోపల ఏదో గుసగుస జరిగింది. కాశీబాయి బయటికి వచ్చినప్పుడు పొట్లం చేతిలో లేదు, చెప్పులు కాళ్లకు లేవు. పరుగున వెళ్లిపోయింది.

కాసేపటికి గల్లీలో మంగేశ్ టెంపో చప్పుడు వినిపించింది. ఆ వెంటనే ఫోను. రైల్లోంచి స్నేహల్ మేడం.

"నల్లులు లేనే లేవట కదా! జనం బెదరకూడదని పెద్ద సాబు నల్లులని చెప్పమన్నాడట, పాపం కొడుకు తల్లి పరువు పణంగా పెట్టి చెప్పాడట. మా రైలు పెట్టెలో అందరూ ఫోన్లలో చదివి మీ త్యాగాన్ని మెచ్చుకుంటున్నారు. ఇందులో నిజమెంత?"

వెంకట్రాములు ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టాడు. "అవ్వా! ఎవ్వలితోనన్న ఏమన్న చెప్పినవా?"

"నేనెవ్వలితోని ఏం చెప్పలే," అంది ముత్తెమ్మ, పొద్దుటి నుంచి మొదటిసారి నిండుగా తలెత్తి, స్వీట్ల డబ్బా మూత తీస్తూ. "కాశీబాయి ఒక్కదానితోనే చెప్పిన."

జిల్లాలో ఎవరి మాటనైనా అబద్ధమని ప్రకటించే అధికారం ఆ కక్షకు ఉంది. ఆ మాట ఇన్‌చార్జి గారి తల్లిది అయినప్పుడు ఏం చేయాలో ప్రభుత్వం ఇంకా ఆలోచిస్తోంది.