మంత్రిగారు పాడుకున్న పొట్టేలు

ఆ పొద్దున ఆకాశంలో మబ్బు తునక లేదు. తెల్లవారుజామున రెండు నల్లమబ్బులు కనిపించిన మాట నిజమే గాని, మంత్రిగారి కార్యక్రమం ఉందని తెలిసి అవే తప్పుకున్నాయని పశువుల శాఖ అధికారి మైకులో ప్రకటించాడు. సంత ఆవరణలో ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు. మేకలు మాత్రం ఒకసారి పైకి చూసి మళ్లీ గడ్డిలో పడ్డాయి.

"ఈరోజు చరిత్రలో నిలిచిపోతుంది. యువ పశుసంపద మహోద్యమం కింద మన యువత పెంచిన జీవాలను గౌరవనీయ మంత్రివర్యుల సమక్షంలో వేలం వేస్తున్నాం," అన్నాడు అధికారి.

ఉద్యమం సామాన్యమైంది కాదు. అందులో చేరిన ప్రతివాళ్లకూ ఒక టోపీ, ఒక గుర్తింపు కార్డు, చదివి సంతకం పెట్టడానికి ఒక ప్రతిజ్ఞ ఇచ్చారు. పశువును మాత్రం ఎవరికి వాళ్లే తెచ్చుకోవాలి. అది యువత ఆత్మగౌరవానికి సంబంధించిన విషయం.

పరక కూడా టోపీ పెట్టుకుని వచ్చింది. సన్నగా ఉంటుంది గనుక ఊళ్లో అందరూ ఆమెను పరక అనే పిలుస్తారు. వయసు పంతొమ్మిది. పక్కన నిలబడ్డ పొట్టేలు మాత్రం పరక కాదు. యాభై కిలోలు తూగింది.

"ఇదే చివరి మాటమ్మా," అన్నాడు నాన్న. ఆయన తాపీమేస్త్రి. "మూడు ఆడగొర్రెల ధర పలికిందా, కొనుక్కో, మంద కట్టుకో, నేనడ్డురాను. పలక్కపోతే మామయ్య దర్జీ దుకాణానికి వెళ్లి బొత్తాలు కుట్టుకో."

"బొత్తాలకైతే మేత పెట్టక్కర్లేదు," అంది అమ్మ.

అప్పుడే ముసలి బేరగాడు వచ్చి పొట్టేలు నడుం మీద బొటనవేలితో నొక్కి చూశాడు. ఎముక తగల్లేదు.

"ఏం పెట్టి పెంచావే దీన్ని?"

"నా నిద్రంతా పెట్టాను తాతా."

"కండ పట్టింది. మూడు గొర్రెల ధర ఇస్తా. ఎవడైనా పోటీకొస్తే ఇంకో మెట్టు ఎక్కుతా. అంతకుమించి ఎక్కే వయసు కాదు నాది."

పరక అప్పుడే మనసులో మూడు గొర్రెల్ని కొనేసి దొడ్లో కట్టేసింది.

ఆ సంతలో ఒక పద్ధతి ఉంది. అరిస్తే జీవాలు బెదురుతాయని అక్కడ పాట నోటితో పాడరు. తల కిందికి పైకి ఒక్కసారి ఊపితే ఒక మెట్టు పాడినట్టు. వేలం వేసే ఆయన నలభై ఏళ్లుగా తలలే చూస్తున్నాడు. ఎవరి తలో ఆయనకు పట్టదు.

ఇక్కడ మంత్రిగారి తల గురించి రెండు మాటలు చెప్పుకోవాలి. ఇరవై ఏళ్ల ప్రజాజీవితంలో అది అడ్డంగా ఊగిన దాఖలా లేదు. వంతెన కావాలన్నా ఊపారు, వద్దన్నా ఊపారు. అర్జీ పట్టుకొచ్చినవాళ్లు కడుపు నిండినట్టు ఇళ్లకు వెళ్లేవారు. ఇంతమందిని తృప్తిపరిచి ఖజానాకు పైసా ఖర్చు పెట్టని నాయకుడు మరొకరు లేరు.

పరక పొట్టేలు వేలం గట్టు మీదికి ఎక్కింది. బేరగాడు తల ఊపాడు. మూడు గొర్రెల ధర వచ్చేసింది. సుత్తి పైకి లేచింది.

ముందు వరసలో పీఏ మంత్రిగారి చెవి దగ్గర అర్జీలు చదువుతున్నాడు.

"బడి పైకప్పు సార్."

మంత్రిగారు ఊపారు.

"ముందు వరస పాడింది!" అన్నాడు వేలం వేసే ఆయన.

బేరగాడు ఇంకో మెట్టు ఎక్కాడు.

"ఆసుపత్రిలో మందులు సార్."

ఊపారు. బేరగాడు చేతులు జేబులో పెట్టుకున్నాడు.

"మంచినీళ్లు సార్. కరెంటు సార్. పాత మంచినీళ్ల అర్జీ సార్, గుర్తు చేస్తున్నారు."

ధర ఆవును దాటింది. జత ఎద్దులను దాటింది. నాన్న వేళ్లు లెక్కపెడుతూ, చాలక, పక్కాయన చెయ్యి లాక్కున్నాడు. ట్రాక్టరు ధర దగ్గర పీఏకి అనుమానం వచ్చింది.

"సార్, తమరు తల ఊపకండి. ధర పెరుగుతోంది."

అర్థమైందన్నట్టు మంత్రిగారు తల ఊపారు. సుత్తి పడింది.

మంత్రిగారు లేచి మైకు అందుకున్నారు. "యువత విలువ నాకు తెలుసు. అందుకే ఈరోజు నాతో నేనే పోటీపడ్డాను!" అన్నారు.

మర్నాడు పత్రికల్లో అదే పెద్దక్షరాల్లో వచ్చింది.

పరక డబ్బుల కిటికీ దగ్గరకు వెళ్లింది. గుమాస్తా ఆమెకు లేచి నమస్కారం పెట్టాడు.

"డబ్బు?"

"మంజూరు కావాలమ్మా."

"మరి పొట్టేలు?"

"అది సర్కారుది. డబ్బొచ్చేదాకా మీ దొడ్లోనే ఉంటుంది. మీరు సంరక్షకురాలు."

"మేతో?"

"అది మీ దేశభక్తి."

ఆవరణ బయట బేరగాడు లారీ ఎక్కబోతుంటే పరక పరుగెత్తింది. "తాతా, ఒక మెట్టు తగ్గించుకునైనా తీసుకుపో."

"దాని చెవికి సర్కారు బిళ్ల వేశారే తల్లీ. ముట్టుకుంటే నా చెవికీ వేస్తారు," అని ఆయన లారీ తలుపు వేసుకున్నాడు.

నెల తిరిగేసరికి తూనికల ఇన్‌స్పెక్టరు కాటా భుజాన వేసుకుని వచ్చాడు.

"సర్కారు కొన్నది యాభై కిలోలు. ఇప్పుడు యాభై మూడున్నాయి. ఈ మూడు కిలోలు ఎవరివి?"

"దానివే బాబూ," అంది పరక.

"దానికంటూ ఏమీ ఉండదు. వచ్చే ఆదివారానికి సరిగ్గా యాభైకి తెచ్చిపెట్టు. తగ్గితే దొంగతనం, పెరిగితే ఆక్రమణ."

ఆ వారమంతా పరక పొట్టేలును గట్టు మీద పరుగెత్తించింది. గురువారం నలభై తొమ్మిది, శుక్రవారం యాభై ఒకటి. శనివారం మామయ్య దగ్గర్నుంచి కబురొచ్చింది. సోమవారం పొద్దుటి బస్సుకు రమ్మన్నాడు.

"ఇక వెళ్లమ్మా. ఆ డబ్బు వచ్చేది కాదు," అన్నాడు నాన్న. ఈసారి గట్టిగా అనలేదు.

పరక పొట్టేలు నడుం మీద బొటనవేలు పెట్టి నొక్కింది. చాలాసేపు తీయలేదు.

"దీని బరువు ఎక్కడో ఒకచోట ఆపమన్నారు కదా నాన్నా," అంది. "ఆపేద్దాం."

నాన్న నేల చూశాడు. తర్వాత కత్తి నూరడానికి వెళ్లాడు.

ఆదివారం మధ్యాహ్నం ఇన్‌స్పెక్టరు దొడ్డంతా తిరిగి చూసి గుమ్మంలో నిలబడ్డాడు. లోపల పొయ్యి మీద పెద్ద గిన్నె ఉంది. కిటికీ చట్రం మీద సర్కారు బిళ్ల శుభ్రంగా కడిగి పెట్టి ఉంది.

"భోజనం వేళకు వచ్చారు. కాళ్లు కడుక్కోండి బాబూ," అంది అమ్మ.

ఇన్‌స్పెక్టరు గిన్నె వైపు చూశాడు, బిళ్ల వైపు చూశాడు. కాటా కింద పెట్టి, రిజిస్టరు తెరిచి, 'జీవం స్థితి' అన్న గడిలో 'సంతృప్తికరం' అని రాసి సంతకం చేశాడు. కాళ్లు కడుక్కుని వచ్చి నాన్న పక్కన కూర్చున్నాడు.

పరక నాలుగు పళ్లాల్లో వడ్డించి, తనూ ఒకదాని ముందు కూర్చుంది. అందరూ తిన్నారు.