ఆరు పట్టీల బెల్టు, అత్తగారి కత్తెర

శనివారం పొద్దున్న ఆరున్నరకి పళ్ళ డాక్టరు గారు మందుల చీటీ మీద ఆ రోజు కార్యక్రమం రాసుకున్నారు. ఎనిమిదింటికి కారు సీటు ఊడదీయడం. తొమ్మిదిన్నరకి బెల్టులు బిగించడం. పదకొండింటికి సీటు మళ్ళీ పెట్టి, కూర్చుని సరిచూసుకోవడం. తర్వాత భోజనం, నిద్ర. ఆయన చేతిరాత మందుల షాపు వాళ్ళకి తప్ప మరెవరికీ అర్థం కాదు కాబట్టి, చీటీని ధైర్యంగా ఫ్రిజ్ మీదే వదిలేసి గ్యారేజీలోకి వెళ్ళారు.

అసలు సంగతి ఆదివారానిది. ఊరికి గంట దూరంలో ఒక రేసు ట్రాక్ ఉంది. నెలకొకసారి దాన్ని మామూలు జనానికి తెరుస్తారు. ఎవరి కారు వాళ్ళు తెచ్చుకుని, పోలీసుల భయం లేకుండా, ఇరవై నిమిషాలపాటు తమ ఇష్టం వచ్చినంత వేగంగా తిప్పుకోవచ్చు. దానికి పేరిచ్చి డాక్టరు గారు ఎనిమిది నెలలుగా కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తున్నారు. రేపు వెళ్ళకపోతే పేరు జాబితా చివరికి పోతుంది. అంటే మళ్ళీ ఎనిమిది నెలలు. వాళ్ళు పెట్టిన షరతు ఒక్కటే: డ్రైవరు సీటుకి ఆరు పట్టీల రేసు బెల్టు ఉండాలి. భుజాల మీంచి రెండు, నడుముకి రెండు, కాళ్ళ మధ్య నుంచి రెండు, అన్నీ వచ్చి పొట్ట మీద ఒకే గుండ్రటి తాళంలో పడాలి.

నలభై ఆరేళ్ళ జీవితంలో డాక్టరు గారు వేగంగా చేసిన పని ఒక్కటీ లేదు. పన్ను పీకడం కూడా నిదానంగానే పీకుతారు. అందుకే ఆ ఇరవై నిమిషాల మీద ఆయనకి అంత ఆశ. పోయినేడాది ఎవరో వాడి అమ్మేసిన ఆ ఎర్రటి రెండు సీట్ల కారుని కొన్నదీ ఆ ఆశతోనే. మామూలుగా అడిగితే ఇల్లాలు ససేమిరా అంటుందని తెలిసి, దాన్ని ఆవిడ పుట్టినరోజు కానుక అన్నారు. కాగితాలు కూడా ఆవిడ పేరు మీదే రాయించారు. తాళంచెవి మాత్రం తన జేబులోనే పెట్టుకున్నారు.

ఎనిమిదింటికి సీటు ఊడదీయడం మొదలైంది. నేల మీది బోల్టులు కనిపించకపోతే డాక్టరు గారు క్లినిక్ నుంచి తెచ్చుకున్న చిన్న అద్దాన్ని సీటు అడుగు భాగంలోకి దూర్చి, అలవాటు కొద్దీ "కొంచెం తెరవండి" అన్నారు. సరిగ్గా అప్పుడే ఇల్లాలు టీ కప్పుతో వచ్చింది. ఆవిడ లైబ్రరీలో పనిచేస్తుంది. గొంతు పెంచడం ఆవిడ వృత్తిలోనే లేదు కాబట్టి ఎప్పుడు వచ్చి వెనక నిలబడిందో ఆయనకి తెలియలేదు.

"ఎవర్ని తెరవమంటున్నారండీ?"

డాక్టరు గారి చేతిలోంచి అద్దం జారింది. "ఏం లేదోయ్. బెల్టులు మారుస్తున్నా."

"ఉన్నవి బానే ఉన్నాయిగా?"

"వాటికి ఒక్క భుజానికే పట్టీ. వీటికి ఆరు. అంతా నీ భద్రత కోసమే."

"నా కోసమా? మరి డ్రైవరు సీటుకి బిగిస్తున్నారేం?"

డాక్టరు గారికి అబద్ధాలు కొత్తేమీ కాదు. రోజుకి పదిసార్లు పేషెంట్లతో "నొప్పి ఉండదు" అంటూనే ఉంటారు. అయితే ఆ పేషెంట్ల నోట్లో దూది ఉంటుంది, ఎదురు ప్రశ్న వెయ్యరు. ఇక్కడ ఆ సౌకర్యం లేదు. "అంటే... ఇకనుంచి దీన్ని నువ్వే నడపాలని నా కోరిక," అనేశారు.

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెళ్ళికి ముందు ఆరేళ్ళపాటు ఆవిడ తల్లిగారి కుట్టు కొట్టు వ్యాను నడిపిన మనిషి. ఆ తర్వాత ఎవరూ ఆవిడని డ్రైవరు సీటులో కూర్చోమనలేదు. "నిజంగానా?" అని అడిగి, సమాధానం వినకుండానే తల్లికి ఫోన్ చెయ్యడానికి లోపలికి పరిగెత్తింది. డాక్టరు గారు మళ్ళీ పానా పట్టుకున్నారు.

అత్తగారిది రెండు వీధుల అవతలి ఇల్లు. ముప్పై అయిదేళ్ళు కొట్టు నడిపి, ఊళ్ళో సగం మంది బడిపిల్లలకి యూనిఫాంలు కుట్టి, ఆ మధ్యే విశ్రాంతి తీసుకున్నారు. విశ్రాంతి కొట్టుకే, ఆవిడకి కాదు. పది నిమిషాల్లో మెడలో టేపుతో, చేతిలో కుట్టు పెట్టెతో గ్యారేజీ గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు.

"అమ్మాయి చెప్పింది బాబూ. పెళ్ళాం ప్రాణమంటే ఇంత జాగ్రత్త ఉన్న అల్లుడు ఎంతమందికి దొరుకుతాడు!"

"ఏదో లెండి అత్తయ్యా," అన్నారు డాక్టరు గారు, సీటు చాటుకి జరుగుతూ.

పదకొండింటికి, చీటీలో రాసుకున్నట్టే, బెల్టులన్నీ బిగిశాయి. సీటు వెనకున్న ఇనప బారుకి భుజాల పట్టీలు, నేలకి మిగతా నాలుగూ. కొత్త పట్టీలు కాబట్టి కొసలు మూరెడేసి పొడవున కారు బయటికి వేలాడుతున్నాయి. కూర్చుని తన ఒంటికి సరిపడా లాక్కోవడం ఒక్కటే మిగిలింది. డాక్టరు గారు ఒక కాలు లోపల పెట్టారో లేదో ఫోన్ మోగింది. సంగీతం టీచరు. సాయంత్రం కచేరీ ఉందట, ముందు పన్ను కప్పు ఊడి మింగేసిందట. ఫోన్లో ఆవిడ మాటల కంటే గాలే ఎక్కువ వినిపించింది.

"నేను గంటలో వచ్చేస్తా. అత్తయ్యా, ఇక్కడ ఏమీ ముట్టుకోకండి. బోల్టులన్నీ లెక్క ప్రకారం బిగించాను," అన్నారు డాక్టరు గారు చేతులు తుడుచుకుంటూ.

"అయ్యో, ఇనుము జోలికి నేనెందుకు పోతాను బాబూ!" అన్నారు అత్తగారు. ఆవిడ మాట మీద నిలబడే మనిషి. ఇనుము జోలికి పోలేదు.

సంగీతం టీచరు పన్ను తేలిగ్గా లొంగలేదు. డాక్టరు గారు ఇల్లు చేరేసరికి ఒంటిగంట దాటింది. గ్యారేజీలో అత్తగారు స్టూలు మీద కూర్చుని దబ్బనంలోంచి దారం తీసేస్తున్నారు. ఇల్లాలు డ్రైవరు సీటులో, ఆరు పట్టీలూ బిగించుకుని, స్టీరింగు మీద రెండు చేతులూ వేసి, వెలిగిపోతున్న మొహంతో కూర్చుంది. వేలాడే కొస అన్నది ఎక్కడా లేదు.

"చూశారా బాబూ! మూరెడేసి పట్టీలు అలా వేలాడుతుంటే, కుట్టుపని ఇంటి ఆడపిల్ల కారు ఇదేనా అని నలుగురూ నవ్వరూ? అమ్మాయిని కూర్చోబెట్టి, సుద్దతో గీత పెట్టి, ఉన్నదంతా కత్తిరించేశా. కొసలు మడతపెట్టి నాలుగు వరసలు కుట్టా. ఏనుగు లాగినా బకిల్‌లోంచి జారదు. ఎదిగే పిల్లలకి వదిలినట్టు రెండంగుళాలు వదిలాను కూడాను."

డాక్టరు గారు తన పొట్టకేసి చూసుకున్నారు. ఇల్లాలి నడుముకేసి చూశారు. రెండంగుళాలతో పూడే తేడా కాదది.

"కత్తిరించిన ముక్కలు ఏవి అత్తయ్యా?"

"పారేస్తానా? మంచి గట్టి సరుకు. కూరగాయల సంచికి పట్టీలు కుట్టేశా. పోనీ కావాలంటే చెప్పండి, అతుకు వేసిస్తా, కనపడనే కనపడదు."

"అతుకు చెల్లదండీ! అతుకు పట్టీ చూస్తే రేపు పొద్దున్న ఏడింటికి వాళ్ళు నన్ను గేటు దగ్గరే ఆపేస్తారు!"

ఇల్లాలు స్టీరింగు మీంచి ఒక చెయ్యి తీసింది.

"ఎవరండీ ఆపేది? రేపు ఎక్కడికి?"

ఇక దాచడానికి దారి లేదు. డాక్టరు గారు గోడకి చేరబడి, ట్రాక్ దగ్గర్నుంచి ఎనిమిది నెలల జాబితా దాకా, పుట్టినరోజు కానుక దగ్గర్నుంచి ఆ పొద్దుటి "నీ భద్రత" దాకా, పూసగుచ్చినట్టు చెప్పేశారు. అత్తగారు కత్తెర పెట్టెలో పెట్టేశారు. మూత వేసిన చప్పుడుకి డాక్టరు గారు ఉలిక్కిపడ్డారు.

ఇల్లాలికి కోపం రాలేదంటే అబద్ధం. వచ్చింది. కారు కొన్నందుకు కాదు, ట్రాక్ మీదికి వెళ్ళాలనుకున్నందుకూ కాదు. ఒక్క పూట తను డ్రైవరునని నమ్మినందుకు వచ్చింది. ఆ మాట ఆవిడ పైకి అనలేదు. తాళం తిప్పి, పట్టీలు విప్పుకుని దిగి, "సరే, ముందు కూర్చోండి. పడుతుందేమో చూద్దాం," అంది మెత్తగా. ఆ మెత్తదనం డాక్టరు గారికి నచ్చలేదు గానీ, కూర్చున్నారు.

కాళ్ళ పట్టీలు ఎలాగో వచ్చాయి. భుజాల పట్టీలు భుజాలు కుదించుకుంటే వచ్చాయి. నడుము పట్టీలే జానెడు దూరంలో ఆగిపోయాయి. "ఊపిరి వదిలెయ్యండి బాబూ," అంటూ అత్తగారు ఒక పక్క నుంచి, ఇల్లాలు రెండో పక్క నుంచి, మోకాళ్ళు సీటుకి తన్నిపెట్టి లాగారు. పొట్ట పైకి పోయి ఛాతీ అయింది. క్లిక్‌మంది తాళం. పడింది! ముగ్గురూ ఒక్క క్షణం సంబరపడ్డారు. తర్వాత డాక్టరు గారికి ఊపిరి పీల్చుకోవాలన్న సంగతి గుర్తుకొచ్చింది. దానికి లోపల చోటు లేదు. మాట కూడా రాలేదు. చేతనైన ఒక్క పనే చేశారు: కుడి చెయ్యి పైకెత్తారు.

ఆయన పేషెంట్లందరికీ చెప్పే మాటే అది, నొప్పి పుడితే చెయ్యెత్తమని. చెయ్యెత్తాక ఆయన అనే మాట కూడా ఇల్లాలికి కంఠతా వచ్చు.

"అయిపోయింది, అయిపోయింది. ఇంకొక్క రెండు నిమిషాలు ఓర్చుకోండి."

"పాపం, మొహం నీలంగా అవుతోందే," అన్నారు అత్తగారు.

"అది మామూలేనమ్మా. నోరు తెరిచి ఉంచండి, నాలుక కదపకండి," అని మనసారా ఒక నిమిషం ఆగి, ఇల్లాలు తాళం తిప్పింది. డాక్టరు గారు కారులోంచి సగం బయటికి జారి, నేలని పట్టుకుని, చాలాసేపు దగ్గుతూ ఉండిపోయారు.

బెల్టులమ్మే షాపుకి ఫోన్ చేస్తే, ఇంకో సెట్టు రావడానికి మూడు వారాలు పడుతుందన్నారు. డాక్టరు గారు ఫోన్ పెట్టేసి పానాలన్నీ వరసగా సర్దడం మొదలుపెట్టారు. పుట్టెడు దుఃఖంలో మగవాళ్ళు గ్యారేజీలో చేసే పని అది. ఇల్లాలు ఆయన పక్కనే నిలబడి అడిగింది:

"ఫారంలో ఎవరి పేరు రాశారండీ?"

"వాళ్ళు కారు యజమాని పేరే అడిగారు. నీదే రాశా."

"లైసెన్సు?"

"అదీ... నీదే. తర్వాత మార్పిద్దామనుకున్నా."

"అంటే వాళ్ళు రేపు ఏడింటికి రమ్మన్నది నన్ను," అంది ఆవిడ. డాక్టరు గారి చేతిలో పన్నెండో నంబరు పానా అలాగే ఉండిపోయింది.

ఆదివారం పొద్దున్న ఇల్లాలు ఎర్ర కారులో, అందులో చోటు చాలక డాక్టరు గారూ అత్తగారూ కుట్టు పెట్టెతో సహా వెనకాల ట్యాక్సీలో బయల్దేరారు. ఏడింటికి ట్రాక్ గేటు దగ్గర తనిఖీ చేసే ఆయన కార్లోకి తల దూర్చి ప్రతి పట్టీనీ గట్టిగా లాగి చూశాడు. బోల్టులు చూసి తలూపాడు. కొసల దగ్గరికి వచ్చేసరికి కళ్ళజోడు సవరించుకున్నాడు.

"కొసలు గాలికి కొట్టుకోకుండా కత్తిరించి మడిచి కుట్టుకోండ్రా బాబూ అని ఏళ్ళ తరబడి మొత్తుకుంటున్నా. ఒక్కళ్ళూ వినలేదు. ఇది ఎవరు కుట్టారండీ?"

"నేనే," అన్నారు అత్తగారు, ముప్పై అయిదేళ్ళ కొట్టు గౌరవమంతా నిలువునా నిలబెట్టుకుని. అరగంటలో ఆవిడ చుట్టూ హెల్మెట్లు పట్టుకున్న పెద్దమనుషులు వరస కట్టారు. ఆవిడ సుద్ద అరిగిపోతే ఒకాయన తన కారు తోలుకుని వెళ్ళి కొనుక్కొచ్చాడు.

డాక్టరు గారు మాత్రం కంచె దగ్గర, ఇల్లాలి హ్యాండ్‌బ్యాగు పట్టుకుని నిలబడ్డారు. ఆ ఎర్ర కారు మొదటి రౌండు పద్ధతిగా వెళ్ళింది. ఆయన గడియారంలో నిమిషాలు లెక్కపెట్టుకున్నారు. ఆ సీటు తనది, ఆ ఇరవై నిమిషాలూ తనవి. రెండో రౌండులో అది మలుపు దగ్గర ఇద్దర్ని దాటింది. మూడో రౌండులో దాని ముందు ఎవరూ లేరు. ఏడు గంటలు కొట్టేలోపు వ్యానులో ముప్పై స్కూళ్ళకి యూనిఫాంలు చేర్చిన చెయ్యి అది, వీధి ఖాళీగా ఉంటే ఎలా తిప్పుతుందో ఆయన ఎన్నడూ చూడలేదు. నాలుగో రౌండులో డాక్టరు గారికి తెలియకుండానే హ్యాండ్‌బ్యాగు కింద పడింది. ఆయన చప్పట్లు కొడుతున్నారు. పక్కనున్నవాడి భుజం పట్టుకుని "మా ఆవిడండీ! మా ఆవిడ!" అని అరుస్తున్నారు. ఎనిమిది నెలల నుంచి ఎదురుచూసిన సంతోషం ఇలా, తను కూర్చోకుండా వస్తుందని ఆయన అనుకోలేదు. అయినా వచ్చింది, నిండుగా వచ్చింది.

హెల్మెట్ తీసేసరికి ఆవిడ జుట్టంతా చెదిరిపోయి ఉంది. లైబ్రరీ గొంతు ఎక్కడికి పోయిందో, ట్రాక్ అవతలి చివరికి కూడా వినిపించేలా పిలిచింది.

"ఏమండీ! చూశారా? వచ్చే నెలకి కూడా పేరిచ్చేశా! తనిఖీ ఆయన, జాబితాతో పనిలేదు, నేరుగా వచ్చేయమన్నాడు!"

"చూశానే. మరి... నా సంగతి?" అన్నారు డాక్టరు గారు, కింద పడిన బ్యాగు దులుపుతూ.

ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుంది. కోపం ఎప్పుడో పోయింది. "మిమ్మల్ని వదిలేసి నేనొక్కదాన్నే ఎందుకు వెళ్తానండీ? నిన్న సాయంత్రమే ఇంకో సెట్టుకి చెప్పేశా. మూడు వారాల్లో వస్తుంది."

డాక్టరు గారి మొహం చాటంత అయింది. వచ్చిన సెట్టుని ఆయనే, పొద్దున్న ఆరున్నరకి లేచి, ఒక్క బోల్టు తేడా రాకుండా, ఇల్లాలు చూపించిన చోటే బిగించారు.

ఈసారి అత్తగారు కొలతలు అల్లుడివే తీసుకున్నారు, సీటు మాత్రం పక్కది.