ఇంజనీరుగారి కాలక్షేపం

ఆ ఉదయం చెరకుకు జడచుట్టు వేయించాలని కాసులమ్మ పొలానికి వెళ్లింది. గాలికి ఒరిగిపోకుండా గడలను కలిపి కట్టేస్తే, ఇక బెల్లం వండేదాకా దిగులుండదు. భర్త పోయాక ఆమెకు ఏడాది తిండి ఆ ఎకరం చెరకే.

పక్క బీడులో ఎర్రజెండాలు పాతి ఉన్నాయి. తెల్లవాడొకడు ఆమె చెరకులోకి దూరి, నేల చూసుకుంటూ తిరుగుతున్నాడు. ఆమెను చూసి నవ్వి, నేలకేసి వేలు చూపించి ఏదో అన్నాడు. సర్వేవాడనుకుని కాసులమ్మ మరిది తాతబ్బాయి దగ్గరకు పరుగెత్తింది.

"జెండాలు పాతేసేరా? అయితే భూమి ఎల్లిపోయినట్టే వదినా. మా అత్తోరూళ్లో ఇలాగే పాతేరు. ఏడాది తిరక్కుండా పొగ్గొట్టాలు లేసేయి."

"మరి నా సెరుకో?"

"సెరుక్కి ఏటీ ఇవ్వరు, కోసుకుపొమ్మంటారు. మామిడి సెట్లుంటే సెట్టుకింతని కడతారు."

"సెరుకు మధ్యలో మొక్కలు పాతేత్తే?"

"సెరుకులో వాటిని ఎతకడానికి ఆఫీసరు నీ పొలంలో దాగుడుమూతలు ఆడతాడేటి?"

"ఇంకా ముదరలేదు కదా తాతబ్బాయీ! ఇప్పుడు కొడితే పశువుల మేతకే!"

"నీ ఇష్టం. తరవాత నామీద పడి ఏడవకు."

మధ్యాహ్నానికి చెరకు నేలకూలింది. సాయంత్రానికి పొలమంతా గోతులు. మామిడి మొక్కల కోసం ఆటో అనకాపల్లి వెళ్లింది. అది చూసి అటుపక్క రైతులూ చెరకు కొట్టేందుకు కత్తులు తీశారు.

మర్నాడు దేవీప్రసాద్ వచ్చాడు. జెండాలున్న బీడు వాళ్లదే. అతను రోడ్డవతల కంపెనీలో గుమస్తా.

"పిన్నీ, సెరుకెందుకు కొట్టేసేవు?"

"మీ బీడులో సర్వే జెండాలు పాతితే నీకు తెలీదేటి?"

"అవి నేనే పాతేను! జర్మనీ నుంచొచ్చిన ఇంజనీరుకి ఇక్కడ క్లబ్బు లేదు, ఈతకొలను లేదు. ఏదో ఒక ఆట సూపించకపోతే ఎల్లిపోతానన్నాడు. కర్రతో బంతిని జెండా ఉన్న గోతిలోకి కొట్టే ఆట. నిన్న బంతి నీ సెరుకులో పడితే ఎతుక్కున్నాడు."

కాసులమ్మ గట్టుమీద కూర్చుని ఏడవసాగింది.

అంతలో ఇంజనీరు, మేనేజరుతో కలిసి కారు దిగాడు. వరసగా ఉన్న గోతులు చూసి, ఊరివాళ్లు తన ఆట కోసమే తవ్వారనుకుని, అక్కడున్న ఒక్కొక్కరికీ దణ్ణాలు పెట్టాడు. మేనేజరు దేవీప్రసాద్ భుజం తట్టాడు.

"పంట కొట్టేసి మరీ తవ్వించావా! శభాష్. మరి ఆవిడెందుకు ఏడుస్తోంది?"

దేవీప్రసాద్ పిన్ని వైపు చూశాడు. మేనేజరు వైపు చూశాడు.

"సంతోషం సార్."

చలికాలానికి నిజమైన సర్వేయర్లు వచ్చారు. విదేశీ ఉద్యోగుల క్లబ్బుకు ఆ పొలాలే కావాలట. పంటలు కొట్టేసుకుని, ఇచ్చేందుకు ఊరు ఎప్పుడో సిద్ధపడిందని మేనేజరు ప్రభుత్వానికి రాశాడట. గోతుల్లో నాటిన మామిడి మొక్కలు మోకాలెత్తు లేవు కాబట్టి చెట్ల లెక్కలోకి రావన్నారు. కాసులమ్మ ఎకరంతోపాటు దేవీప్రసాద్ బీడూ పోయింది.

ఇంజనీరు అప్పటికే, ఇక్కడ కాలక్షేపం లేదని, జర్మనీ వెళ్లిపోయాడు.